నేరాన్ని యుద్ధంగా మార్చిన ఇరవై ఏళ్లు

ఒకే కుటుంబానికి చెందిన ఇద్దరు, ఎనిమిదేళ్ల తేడాతో, న్యూయార్క్‌లోని ఒకే భవన సముదాయం మీద దాడికి పూనుకున్నారు. 1993 ఫిబ్రవరి 26న వరల్డ్ ట్రేడ్ సెంటర్ కింద ఉన్న పార్కింగులో పేలుడు పదార్థాలు నింపిన వ్యానును పేల్చి ఆరుగురి ప్రాణాలు తీసిన రమ్జీ యూసఫ్ మేనల్లుడు. 2001 సెప్టెంబరు 11 దాడులకు పథకం వేసిన ఖాలిద్ షేక్ మహమ్మద్ మేనమామ. మేనల్లుణ్ణి 1995 ఫిబ్రవరిలో ఇస్లామాబాద్‌లో పట్టుకుని న్యూయార్క్ తీసుకువచ్చారు. మామూలు న్యాయస్థానంలో, జ్యూరీ ఎదుట, అతని తరఫున వాదించే వకీలును పెట్టి విచారించారు. 1998 జనవరిలో 240 ఏళ్ల జైలుశిక్ష పడింది. మేనమామను 2003 మార్చి 1న రావల్పిండిలో పట్టుకున్నారు. అతన్ని అప్పట్లో ఏ న్యాయమూర్తి ముందూ నిలబెట్టలేదు. సీఐఏ రహస్య నిర్బంధ కేంద్రాల్లో మూడున్నరేళ్లు ఉంచారు. ముఖం మీద గుడ్డ కప్పి ఊపిరాడకుండా నీళ్లు పోసే చిత్రహింసను ఆ మొదటి నెలలోనే 183 సార్లు పెట్టారు. 2006 సెప్టెంబరులో క్యూబాలోని అమెరికా సైనిక స్థావరం గ్వాంటనామోకు తరలించారు. 2025 నాటికీ అతని మీద అసలు విచారణ మొదలుకాలేదు.

నేర తీవ్రతను బట్టి చూస్తే రెండోవాడి విచారణకే ఎక్కువ తొందర ఉండాలి. అలా జరగకపోవడానికి కారణం, ఈ రెండు అరెస్టుల మధ్య అమెరికా తన ఆలోచననే మార్చుకోవడం. 1993లో జరిగినదాన్ని ఆ దేశం నేరంగా చూసింది, 2001లో జరిగినదాన్ని యుద్ధంగా ప్రకటించింది. నేరమని అన్నప్పుడు రాజ్యం ముందుగా కొన్ని ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి. ఈ మనిషి ఎవరు, ఇతను చేసిందేమిటి, ఆ సంగతి మనకెలా తెలుసు? యుద్ధమని అన్నాక ఈ ప్రశ్నలు అడిగినా సరే, అడగకపోయినా సరే. ఆ తరవాత రెండు దశాబ్దాల పాటు అఫ్గానిస్థాన్, ఇరాక్, పాకిస్థాన్, యెమెన్, సోమాలియా, సిరియా, లిబియాల్లో అమెరికా ఉగ్రవాద వ్యతిరేక విధానం పేరిట జరిగిన అనర్థాల్లో ఎక్కువ భాగం ఆ ప్రశ్నలను వదిలేయడం నుంచి పుట్టినవేనని నా వాదన. "అంతా చమురు కోసమే" అని అమెరికాను ద్వేషించేవాళ్లు చెప్పే మాట గానీ, "ఉద్దేశం మంచిదే, అమలులో పొరపాట్లు దొర్లాయి" అని అభిమానించేవాళ్లు చెప్పే మాట గానీ నాకు సమాధానంగా తోచవు. పొరపాటు దొర్లితే అది పొరపాటని బయటపడే మార్గం ఒకటి ఉండాలి. ఇక్కడ ఆ మార్గాన్నే మూసేశారు.

1993 నాటి దర్యాప్తు ఎలా సాగిందో కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఉగ్రవాదానికి పోలీసు పద్ధతులు పనికిరావన్న మాటను తరవాతి కాలంలో ఎంతగా వల్లించారంటే, అవి ఒకప్పుడు ఎంత చక్కగా పనిచేశాయో జనం మరిచేపోయారు. పేలుడు తవ్విన గుంతలో, కాంక్రీటు శిథిలాల మధ్య, వాహనపు గుర్తింపు సంఖ్య ఉన్న ఒక లోహపు ముక్క దొరికింది. ఆ సంఖ్యను పట్టుకుని వెతికితే, ఆ వ్యానును న్యూజెర్సీలో రైడర్ కంపెనీ నుంచి ఒకతను అద్దెకు తీసుకున్నాడని తేలింది. ఆ మనిషి అప్పటికే వ్యానును ఎవరో దొంగిలించారని ఫిర్యాదు చేసి, తాను కట్టిన 400 డాలర్ల డిపాజిట్టు తిరిగి ఇమ్మని ఆ అద్దె దుకాణం చుట్టూ తిరుగుతున్నాడు. మార్చి 4న ఆ డబ్బు కోసం వచ్చినప్పుడే అతన్ని అరెస్టు చేశారు. అప్పటికి పేలుడు జరిగి వారం కూడా కాలేదు. అతని ద్వారా తక్కినవాళ్ల ఆచూకీ దొరికింది. 1994లో నలుగురికి నేరం రుజువైంది. దేశం దాటిపోయిన యూసఫ్‌ను రెండేళ్లపాటు వెంటాడి పట్టుకున్నారు. ఇంత పని జరగడానికి ఏ ఊరి మీదా బాంబు వేయవలసిన అవసరం రాలేదు.

దీనికి ఎదురయ్యే ప్రశ్న బలమైనదే. ఆ పోలీసు పద్ధతి అంత గొప్పదైతే 1998లో నైరోబి, దారెస్సలాంలలో అమెరికా రాయబార కార్యాలయాల పేల్చివేతను, చివరికి 2001 దాడిని ఎందుకు ఆపలేకపోయింది? బిన్ లాడెన్ మీద న్యూయార్క్‌లో 1998లోనే అభియోగాలు నమోదయ్యాయి. అతను అఫ్గానిస్థాన్‌లో తాలిబన్ల అండన ఉన్నాడు గనక అక్కడికి వెళ్లి బేడీలు వేసే పోలీసు ఎవరూ లేరు. ఈ వాదనలో నిజముంది. అందుకే 2001 అక్టోబరులో అల్‌ఖైదా శిబిరాల మీద జరిగిన సైనిక చర్యను నేను తప్పుపట్టను. దాడి జరిగిన మర్నాడే ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 1368వ తీర్మానంలో ఆత్మరక్షణ హక్కును గుర్తు చేసింది. పోలీసు చెయ్యి చేరని చోట సైన్యం అవసరం పడవచ్చు.

అయితే 2001 దాడి ఎందుకు ఫలించిందన్న ప్రశ్నకు అమెరికా స్వయంగా నియమించుకున్న విచారణ సంఘం చెప్పిన జవాబు వేరు. విమానాలను హైజాక్ చేసినవారిలో ఇద్దరు 2000 జనవరిలో కౌలాలంపూర్‌లో అల్‌ఖైదా మనుషులతో సమావేశమైనట్టు సీఐఏకు తెలుసు. వాళ్లలో ఒకరికి అమెరికా వీసా ఉన్నట్టు కూడా తెలుసు. ఆ ఇద్దరూ అదే నెలలో లాస్ ఏంజెలెస్‌లో దిగి, శాన్ డియేగోలో సొంత పేర్లతోనే కాపురం పెట్టారు. ఎఫ్‌బీఐ వాళ్లకోసం వెతకడం మొదలయ్యేసరికి 2001 ఆగస్టు నెలాఖరు వచ్చింది. అరిజోనాలోని ఒక ఎఫ్‌బీఐ అధికారి, విమానం నడపడం నేర్చుకుంటున్న కొందరి మీద అనుమానం ఉందని 2001 జులైలోనే పైవాళ్లకు రాశాడు. ఆ కాగితం మీద ఎవరూ చర్య తీసుకోలేదు. మిన్నెసోటాలో జకారియాస్ ముసావీని ఆగస్టు 16న వీసా ఉల్లంఘన కింద అదుపులోకి తీసుకున్నారు, కానీ అతని కంప్యూటరు తెరిచి చూసేందుకు అనుమతి పొందలేకపోయారు. ఇవన్నీ పోలీసు పనిని సగంలో వదిలేసిన సందర్భాలు. వాటి నుంచి నేర్చుకోవలసింది ఆ పనిని సరిగా చేయడం ఎలాగన్నది. అమెరికా మాత్రం ఆ పనినే పక్కన పెట్టేసింది.

దాడి జరిగిన మూడో రోజున, సెప్టెంబరు 14న, అమెరికా ఉభయసభలు అధ్యక్షుడికి సైనిక బలాన్ని వాడే అధికారమిస్తూ తీర్మానం చేశాయి. సెనేట్‌లో 98 మంది అనుకూలంగా ఓటేస్తే వ్యతిరేకంగా ఒక్క ఓటూ పడలేదు. ప్రతినిధుల సభలో 420 మంది అవునన్నారు, కాలిఫోర్నియాకు చెందిన బార్బరా లీ ఒక్కరే కాదన్నారు. అసలు అధికారమిచ్చే వాక్యంలో ఉన్నవి 60 ఇంగ్లీషు పదాలు మాత్రమే. సెప్టెంబరు 11 దాడులకు పథకం వేసిన, అనుమతించిన, పాల్పడిన, సాయపడిన దేశాల మీద, సంస్థల మీద, వ్యక్తుల మీద, వారికి ఆశ్రయమిచ్చినవారి మీద బలప్రయోగం చేయవచ్చని ఆ వాక్యం చెబుతుంది. వాళ్లెవరో నిర్ణయించే పనిని పూర్తిగా అధ్యక్షుడికే వదిలేస్తుంది. అందులో దేశం పేరు లేదు, గడువు లేదు, ఎప్పుడు ముగిసినట్టో లేదు. బార్బరా లీ ఆ రోజు కన్నీళ్లు ఆపుకుంటూ చెప్పింది చాలా చిన్న సంగతి. కాస్త ఆగుదాం, ఈ రోజు చేసే పనుల పర్యవసానం చేయిదాటిపోకుండా ఆలోచిద్దాం, మనం ఏ చెడును అసహ్యించుకుంటున్నామో ఆ చెడుగా మనమే మారకుండా ఉందాం అన్నారామె. ఆమెకు ఎన్ని హత్యా బెదిరింపులు వచ్చాయంటే, కొంతకాలం పోలీసు రక్షణలో తిరగవలసి వచ్చింది.

సెప్టెంబరు 11 దోషుల కోసం చేసిన ఆ చట్టం సోమాలియాలోని అల్‌షబాబ్‌ను కూడా కప్పుతుందని 2016లో ప్రభుత్వం ప్రకటించింది. 2001లో ఆ సంస్థ పుట్టనే లేదు. ఇస్లామిక్ స్టేట్‌ను అల్‌ఖైదా 2014 ఫిబ్రవరిలో బహిరంగంగా వెలివేసింది, రెండు ముఠాలూ సిరియాలో ఒకరినొకరు చంపుకుంటున్నాయి. అయినా ఇస్లామిక్ స్టేట్ మీద యుద్ధానికి కూడా ఆ 60 పదాలనే ఆధారంగా చూపారు. 2017 అక్టోబరులో నైజర్‌లో నలుగురు అమెరికా సైనికులు మాటుదాడిలో చనిపోయినప్పుడు, తమ సైనికులు అక్కడ వెయ్యిమంది దాకా ఉన్నారన్న సంగతే తెలియదని సెనేటర్ లిండ్సే గ్రాహం ఒప్పుకున్నారు. యుద్ధాన్ని ప్రకటించే అధికారం రాజ్యాంగం ప్రకారం ఎవరి చేతుల్లో ఉందో, వాళ్లకే యుద్ధం ఎక్కడ జరుగుతోందో తెలియని స్థితి అది.

మనిషెవరో తేల్చుకోకుండా పట్టుకోవడం ఎలా ఉంటుందో గ్వాంటనామో చూపించింది. 2002 జనవరి 11న మొదలైన ఆ జైలులో మొత్తం 780 మంది దాకా ఉన్నారు. వాళ్లలో చాలామందిని అమెరికా సైనికులు యుద్ధరంగంలో పట్టుకోలేదు. అఫ్గాన్ ముఠా నాయకులు, పాకిస్థాన్ అధికారులు పట్టి అప్పగించారు. అప్పగించినవారికి జీవితాంతం ఊరంతా పోషించగల సొమ్ము ఇస్తామని ఆశపెట్టే కరపత్రాలను అమెరికా విమానాల నుంచి జారవిడిచింది. తాము 369 మందిని అమెరికాకు అప్పగించామనీ, అందుకు బహుమానంగా మిలియన్ల కొద్దీ డాలర్లు వచ్చాయనీ అప్పట్లో పాకిస్థాన్‌ను పాలించిన జనరల్ ముషారఫ్ స్వయంగా రాసుకున్నారు. పాత పగలున్న చోట, పేదరికమున్న చోట, మనిషికి వెల కడితే ఎవరెవరిని పట్టి ఇస్తారో ఊహించడానికి గొప్ప తెలివి అక్కర్లేదు. తొమ్మిదిమంది ఆ జైల్లోనే మరణించారు. వందలమందిని ఏ నేరమూ మోపకుండానే ఏళ్ల తరవాత పంపేశారు. 2025 జనవరి నాటికి అక్కడ మిగిలింది 15 మంది.

నిజమైన నేరస్థుల సంగతేమైంది? 2009 నవంబరులో అటార్నీ జనరల్ ఎరిక్ హోల్డర్, ఖాలిద్ షేక్ మహమ్మద్‌ను, అతని సహచరులను న్యూయార్క్‌లోని మామూలు న్యాయస్థానంలో విచారిస్తామని ప్రకటించారు. గ్వాంటనామో బందీలను అమెరికా గడ్డ మీదికి తేవడానికి వీల్లేదని అమెరికా చట్టసభ కాంగ్రెస్ నిధులు నిలిపేసింది. ఆ తరవాత సైనిక న్యాయస్థానంలో మొదలైన ప్రక్రియ ఏళ్ల తరబడి ఒకే చోట చిక్కుకుపోయింది, ఎందుకంటే చిత్రహింసల తరవాత చెప్పిన మాటల్లో ఏది సాక్ష్యంగా చెల్లుతుందో తేలదు. 2024 జులైలో నేరం ఒప్పుకుని యావజ్జీవ శిక్షకు తలొగ్గే ఒప్పందం కుదిరితే, రెండు రోజుల్లోనే రక్షణమంత్రి లాయిడ్ ఆస్టిన్ దాన్ని రద్దు చేశారు. 2025 జులైలో అప్పీలు న్యాయస్థానం ఆ రద్దును సమర్థించింది. 2,977 మంది చనిపోయిన దాడి ఇది. చనిపోయినవారి తల్లిదండ్రుల్లో ఎందరో తీర్పు వినకుండానే కన్నుమూశారు. కఠినంగా వ్యవహరించాం అని గొప్పగా చెప్పుకున్న విధానం బాధితులకు మిగిల్చింది ఇది. పోలీసు పద్ధతి మెతకదని వెక్కిరించేవాళ్లు ఈ ఒక్క విషయానికి జవాబు చెప్పాలని నా కోరిక.

చిత్రహింస వల్ల జరిగిన నష్టం అంతటితో ఆగలేదు. ఇబ్న్ అల్‌షేక్ అల్‌లీబీ అనే ఉగ్రవాద శిక్షణ శిబిరాధిపతి 2001 చివర్లో పాకిస్థాన్‌లో చిక్కాడు. మొదట ఎఫ్‌బీఐ అధికారులు అతన్ని తమ మామూలు పద్ధతిలో, మాటల్లో పెట్టి ప్రశ్నిస్తున్నారు, అతను మాట్లాడుతున్నాడు కూడా. సీఐఏ జోక్యం చేసుకుని అతన్ని ఈజిప్టుకు పంపించింది. అక్కడ హింస భరించలేక, అల్‌ఖైదాకు రసాయన, జీవాయుధాల వాడకంలో ఇరాక్ శిక్షణ ఇచ్చిందని చెప్పాడు. ఆ మాటను నమ్మడానికి లేదని రక్షణశాఖకు చెందిన నిఘా విభాగమే 2002 ఫిబ్రవరిలో అనుమానం వెలిబుచ్చింది. అయినా 2003 ఫిబ్రవరి 5న విదేశాంగమంత్రి కోలిన్ పావెల్ భద్రతామండలిలో ప్రపంచమంతా చూస్తుండగా ఆ కథనే ఒక ఉగ్రవాది వాంగ్మూలంగా వినిపించారు. ఆరు వారాల తరవాత ఇరాక్ మీద బాంబులు పడ్డాయి. ఏడాది తిరిగాక అల్‌లీబీ ఆ మాట వెనక్కి తీసుకున్నాడు, కానీ అప్పటికే బాగ్దాద్ పడిపోయింది. ఇరాక్ యుద్ధానికి ఈ ఒక్క వాంగ్మూలమే కారణమని నేను అనడం లేదు. యుద్ధానికి వెళ్లాలని ముందే నిర్ణయించుకున్నవాళ్లకు అది చేతికందింది. సాక్ష్యాన్ని పరీక్షించే పద్ధతి ఒకటి మధ్యలో అడ్డంగా ఉండి ఉంటే మాత్రం అంత సులువుగా అందేది కాదు.

ఇరాక్‌లో కూడా అదే పొరపాటు మరింత పెద్ద ఎత్తున జరిగింది. ఆ దేశాన్ని పాలించడానికి వచ్చిన పాల్ బ్రెమర్ 2003 మే 16న సద్దాం హుస్సేన్ నడిపిన బాత్ పార్టీ పైస్థాయి సభ్యులందరినీ ప్రభుత్వ ఉద్యోగాల నుంచి తొలగిస్తూ మొదటి ఉత్తర్వు, మే 23న సైన్యాన్నే రద్దుచేస్తూ రెండో ఉత్తర్వు ఇచ్చారు. ఎవరు హంతకుడో, ఎవరు ఉద్యోగం నిలుపుకోవడానికి పార్టీలో చేరిన బడిపంతులో చూడలేదు. తుపాకీ పట్టడం తప్ప వేరే పని తెలియని లక్షలాది మనుషులు జీతం లేక, పరువు లేక వీధుల్లో పడ్డారు. యుద్ధానికి ముందు సద్దాం పాలనలో అల్‌ఖైదాకు స్థావరంగా లేని దేశం రెండేళ్లు తిరిగేసరికి ప్రపంచం నలుమూలల నుంచి జిహాదీలు వచ్చి చేరే చోటయింది. అమెరికా నడిపిన బుక్కా నిర్బంధ శిబిరంలో వేలాదిమందిని మంచీ చెడూ చూడకుండా కలిపి ఉంచారు. 2004లో అక్కడ కొన్ని నెలలున్న ఒక మతపండితుడు పదేళ్ల తరవాత అబూ బకర్ అల్‌బాగ్దాదీ పేరుతో మోసుల్ మసీదులో తనను ఖలీఫాగా ప్రకటించుకున్నాడు. అతని సైనిక వ్యూహాలు నడిపినవారిలో బ్రెమర్ ఇంటికి పంపిన సద్దాం కాలపు అధికారులు ఉన్నారు.

ఇస్లామిక్ స్టేట్ మంటలు తెలుగు ఇళ్లకు కూడా తగిలాయి. 2011లో నాటో దాడులతో గడాఫీ పాలన కూలి, లిబియా ముఠాల పాలైంది. ఆ ముఠాల్లో ఇస్లామిక్ స్టేట్ సిర్త్ నగరాన్ని చేజిక్కించుకుంది. సిర్త్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే తెలుగువారైన ఇద్దరు అధ్యాపకులను 2015 జులైలో అపహరించారు. ఏడాదికి పైగా వాళ్ల కుటుంబాలు ఫోను మోగితే చాలు ఉలిక్కిపడుతూ బతికాయి. వాళ్లు ఇంకా బందీలుగా ఉండగానే, 2016 ఆగస్టు 1న అమెరికా విమానాలు సిర్త్ మీద దాడులు మొదలుపెట్టాయి. సెప్టెంబరులో ఆ ఇద్దరూ ప్రాణాలతో బయటపడ్డారు. ఏ గోడ వెనక ఉగ్రవాది ఉన్నాడో, ఏ గోడ వెనక బందీ ఉన్నాడో ఆకాశం నుంచి తెలియదు. 2015 జనవరిలో అఫ్గాన్ పాకిస్థాన్ సరిహద్దులో సరిగ్గా ఆ ప్రమాదమే జరిగింది. వందల గంటలు గమనించి, సామాన్యులెవరూ లేరని నిశ్చయించుకుని డ్రోన్ దాడి చేసిన ఇంట్లో అల్‌ఖైదా చెరలో ఉన్న ఒక అమెరికన్, ఒక ఇటాలియన్ సహాయ కార్యకర్త చనిపోయారు. అధ్యక్షుడు ఒబామా టీవీ ముందుకు వచ్చి క్షమాపణ చెప్పారు. ఇటాలియన్ కుటుంబానికి పది లక్షల యూరోలకు పైగా పరిహారం అందింది. చేయవలసిన పనే చేశారు. కానీ ఆ క్షమాపణ వింటున్నప్పుడు పాకిస్థాన్‌లోని వజీరిస్థాన్‌లో, యెమెన్‌లో అలాగే పోయినవారి ఇళ్లలో ఏమనుకుని ఉంటారన్న ఆలోచన నన్ను వదల్లేదు.

2012 అక్టోబరు 24న ఉత్తర వజీరిస్థాన్‌లో అరవై ఏళ్లు దాటిన ఒక నాయనమ్మ బక్రీదుకు ముందు పొలంలో బెండకాయలు కోస్తోంది. చుట్టుపక్కల ఊళ్లలో పురుళ్లు పోసే మనిషి ఆవిడ. మనవలు దగ్గర్లోనే ఉన్నారు. క్షిపణి ఆవిడ మీదే పడింది, పిల్లలు గాయపడ్డారు. బడిలో పాఠాలు చెప్పే ఆవిడ కొడుకు, పదమూడేళ్ల మనవడు, తొమ్మిదేళ్ల మనవరాలు ఏడాది తరవాత వాషింగ్టన్ వెళ్లి ఆ సంగతి చెప్పారు. నాకు నీలాకాశం అంటే ఇష్టం పోయింది, మబ్బు పట్టిన రోజుల్లో డ్రోన్లు ఎగరవు గనక మబ్బే బాగుంటుంది అని ఆ పిల్లవాడు అన్నాడు. అనువాదం చేస్తున్న మనిషి ఏడ్చేసింది. 535 మంది సభ్యులున్న కాంగ్రెస్ నుంచి ఆ రోజు వినడానికి వచ్చినవారు ఐదుగురు. ఆ దాడి ఎవరిని చంపడం కోసం చేశారో, పొలంలో ఉన్నది ఎవరని అనుకున్నారో అమెరికా ప్రభుత్వం బహిరంగంగా చెప్పలేదు.

డ్రోన్ దాడుల్లో రెండు రకాలు ఉండేవి. పేరు, ఊరు తెలిసిన వ్యక్తిని గుర్తించి చంపడం ఒకటి. మనుషుల కదలికలు, గుంపులు, వాహనాలు, ఆయుధాలు చూసి, వీళ్లు ఉగ్రవాదుల్లా ప్రవర్తిస్తున్నారు అన్న అంచనాతో చంపడం రెండోది. ఆయుధం లేని మగవాడు అరుదైన ప్రాంతంలో, పది మంది కూడి పంచాయితీ పెట్టుకోవడం మామూలైన సమాజంలో, ఈ రెండో పద్ధతి ఏ ఫలితమిస్తుందో 2011 మార్చి 17న దత్తాఖేల్‌లో తేలింది. క్రోమైట్ గని తగాదా తీర్చడానికి కూర్చున్న జిర్గా మీద క్షిపణులు పడి దాదాపు నలభైమంది చనిపోయారు. వాళ్లలో గిరిజన పెద్దలు ఉన్నారు, ప్రభుత్వం జీతమిచ్చే స్థానిక రక్షకులు ఉన్నారు. దాడి జరిగే ప్రదేశంలో ఉన్న పోరాడే వయసు మగవాళ్లందరినీ, వాళ్లు నిర్దోషులని చనిపోయాక రుజువైతే తప్ప, ఉగ్రవాదులుగానే లెక్కగడుతున్నారని 2012లో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. 2009 నుంచి 2015 చివరి దాకా యుద్ధరంగాల వెలుపల చేసిన 473 దాడుల్లో చనిపోయిన సామాన్యులు 64 నుంచి 116 మంది మాత్రమేనని 2016లో ప్రభుత్వం ప్రకటించింది. స్వతంత్ర సంస్థల లెక్కలు అంతకు అనేక రెట్లు ఉన్నాయి. చంపిన చేతులే లెక్కా రాస్తే అంకెలు అలాగే వస్తాయి. ఆ కాస్త లెక్క ప్రకటించాలన్న నిబంధనను కూడా 2019 మార్చిలో అధ్యక్షుడు ట్రంప్ ఎత్తేశారు.

లెక్క రాసేవాళ్లు వేరైతే ఏమవుతుందో కాబూల్‌లో చూశాం. 2021 ఆగస్టు 26న విమానాశ్రయం ద్వారం దగ్గర ఆత్మాహుతి దాడిలో 13 మంది అమెరికా సైనికులు, దాదాపు 170 మంది అఫ్గాన్లు చనిపోయారు. మూడు రోజుల తరవాత, మరో దాడికి పేలుడు పదార్థాలు తీసుకువెళ్తోందని అనుకున్న ఒక తెల్ల టొయోటా కరోలా కారును ఎనిమిది గంటలు డ్రోన్లతో వెంబడించి, అది ఒక ఇంటి ముంగిట ఆగినప్పుడు క్షిపణి వేశారు. అది ధర్మబద్ధమైన దాడి అని సైనిక దళాల అధిపతి జనరల్ మిల్లీ ప్రకటించారు. కారు నడిపిన మనిషి అమెరికాకు చెందిన ఒక సహాయ సంస్థ ఉద్యోగి. కారులోకి ఎక్కించినవి నీళ్ల డబ్బాలు, ఎందుకంటే ఆ పేటలో ఇళ్లకు నీళ్లు రావడం లేదు. కారు శబ్దం విని ఎదురొచ్చిన పిల్లలతో సహా పదిమంది చనిపోయారు, అందులో ఏడుగురు పిల్లలు. న్యూయార్క్ టైమ్స్ విలేఖరులు వీడియోలు, సాక్షుల మాటలు కూడదీసి నిజం రాశాక, సెప్టెంబరు 17న సైన్యం తప్పు ఒప్పుకుంది. డిసెంబరులో, ఈ విషయంలో ఏ ఒక్కరి మీదా చర్య ఉండదని తేల్చేసింది. ఆ ఇల్లు కాబూల్‌లో కాక, విలేఖరి అడుగుపెట్టలేని యెమెన్‌లోని ఏ షబ్వా కొండల్లోనో ఉండి ఉంటే, ఆ పదిమంది ఈ రోజుకీ ఎవరి లెక్కలో ఉండేవారో చెప్పనక్కర్లేదు.

ఈ విధానాన్ని సమర్థించేవాళ్లు చెప్పే మాటల్లో అన్నిటికంటే గట్టిది, 2001 తరవాత అమెరికా గడ్డ మీద ఆ స్థాయి దాడి మరొకటి జరగలేదన్నది. నిజమే. కానీ దాన్ని ఆపింది ఏమిటో విడదీసి చూడాలి. విమానాల్లో కాక్‌పిట్ తలుపులు దృఢం చేయడం, నిఘా సంస్థలు ఒకరి సమాచారం మరొకరికి చెప్పుకోవడం, వీసాల తనిఖీ, బ్యాంకు లావాదేవీల మీద కన్ను, వివిధ దేశాల పోలీసుల సహకారం లాంటి పనులను ఎవరూ కాదనరు, వాటికి ఏ దేశాన్నీ ఆక్రమించుకోనవసరం లేదు. బిన్ లాడెన్ దొరికింది కూడా అతని ఉత్తరాలు మోసే మనిషిని ఏళ్ల తరబడి ఓపిగ్గా వెతకడం వల్లే. 2022 జులై 31న కాబూల్‌లో, బిన్ లాడెన్ తరవాత అల్‌ఖైదాను నడిపిన అల్‌జవాహిరీని చంపినప్పుడు, అతను రోజూ బాల్కనీలోకి వచ్చే వేళ దాకా నెలల పాటు గమనించారు, ఇంట్లో ఇంకెవరూ చావలేదని అమెరికా చెప్పింది. విచారణ లేకుండా చంపడం మీద నా అభ్యంతరం అలాగే ఉన్నా, ఎవరో తెలుసుకున్నాకే చేసిన పనికీ, తెలుసుకోకుండా చేసిన పనికీ ఫలితంలో ఎంత తేడా ఉంటుందో వాళ్ల విజయాలే చూపిస్తున్నాయి.

బ్రౌన్ విశ్వవిద్యాలయం నడిపే అధ్యయనం ప్రకారం ఈ యుద్ధాల్లో హింసకు నేరుగా బలైనవారు 9 లక్షలకు పైగా ఉన్నారు, అందులో 4 లక్షలకు పైగా సామాన్య పౌరులు. ఇళ్లు వదిలి పారిపోయినవారు 3 కోట్ల 80 లక్షలు. భవిష్యత్తులో సైనికుల వైద్యానికి అయ్యేదీ కలుపుకుని ఖర్చు 8 లక్షల కోట్ల డాలర్లు. ఆ ఖర్చులో, అమెరికాలో పన్ను కడుతున్న లక్షలాది తెలుగువారి కష్టార్జితం కూడా ఉంది. అక్కడ ఓటు హక్కు వచ్చినవాళ్లు పన్నుల శ్లాబుల గురించీ వీసా కోటాల గురించీ తమ ప్రతినిధులను గట్టిగానే అడుగుతున్నారు. ఈ సంగతి కూడా అడగాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

అడగడం ఇప్పుడే ఎందుకంటే, ఆ అలవాటు ముస్లిం దేశాల హద్దు కూడా దాటేసింది. 2025 సెప్టెంబరు 2న కరీబియన్ సముద్రంలో ఒక పడవ మీద అమెరికా సైన్యం దాడి చేసి 11 మందిని చంపింది. మాదకద్రవ్యాలు రవాణా చేసే ఉగ్రవాదులని ప్రభుత్వం అంది. ఆ పని ఇంతకాలం తీర రక్షక దళం చేసేది. పడవను ఆపి, సరుకు పట్టుకుని, మనుషులను కోర్టుకు అప్పజెప్పేది. చనిపోయిన ఆ పదకొండుమంది మీద ఆధారాలేమిటో ఏ న్యాయస్థానం ముందూ పెట్టలేదు.

2001 నాటి ఆ 60 పదాల చట్టాన్ని రద్దు చేయాలి. ఎక్కడైనా బలప్రయోగం అవసరమని అనుకుంటే, ఆ దేశం పేరు, శత్రువు పేరు, గడువు చెప్పి కాంగ్రెస్ దగ్గర కొత్తగా అనుమతి తీసుకోవాలి. ప్రతి దాడి తరవాతా, దాడికి ఆదేశమిచ్చినవాళ్లతో సంబంధం లేని వారితో విచారణ జరిపించి, చనిపోయినవారి పేర్లతో సహా ప్రకటించాలి. సామాన్యులు చనిపోయిన చోట వారి కుటుంబాలను వెతికి, తప్పు ఒప్పుకుని, పరిహారం ఇవ్వాలి. ఈ చివరిదానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. అలాంటి కుటుంబాల కోసం కాంగ్రెస్ ఏటా 30 లక్షల డాలర్లు కేటాయిస్తూనే ఉంది. 2020లో అందులోంచి రక్షణశాఖ ఒక్క కుటుంబానికీ ఒక్క డాలరు చెల్లించలేదు.